కల్పిత లోకంలో చందమామలు, ఆటుపోట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త లోకాన్ని అల్లేవాళ్లు అడిగే సందేహాల్లో చాలావరకు చందమామ దగ్గర మొదలై సముద్రం దగ్గర తేలతాయి. ఆకాశంలో ముచ్చటగా మూడు చందమామల్ని వేలాడదీసి, కింద తీరాన్ని మాత్రం మన తీరంలాగే వదిలేసిన చిత్తుప్రతులు నేను చాలా చదివాను. నా తొలి చిత్తుప్రతి కూడా అలాంటిదే. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది, కాబట్టి మీ సందేహం ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ఈ పేజీ అంతటా పోటు అంటే నీరు తీరం మీదికి ఎక్కడం, ఆటు అంటే వెనక్కి తీయడం.

## కలం పట్టే ముందు

చందమామ ఒకవైపే ఉంటుంది కదా, పోటు రెండు వైపులా ఎందుకు వస్తుంది?

చందమామ గ్రహం మొత్తాన్నీ లాగుతుంది, కానీ అంతటా ఒకేలా లాగదు. దగ్గరి వైపు నీటిని గట్టిగా, గ్రహం నడుమను కొంచెం తక్కువగా, అవతలి వైపు నీటిని ఇంకా తక్కువగా లాగుతుంది. దగ్గరి వైపు నీరు నేలకంటే ముందుకు జరుగుతుంది. అవతలి వైపు నేల ముందుకు జరిగి నీరు వెనకబడుతుంది. అందుకే రెండు వైపులా ఉబ్బు. పోటును పుట్టించేది ఈ లాగుడులోని తేడా. గ్రహం ఒక చుట్టు తిరిగేలోపు ఏ తీరమైనా ఈ రెండు ఉబ్బుల కిందుగా వెళ్తుంది. ఈలోగా చందమామ కూడా తన కక్ష్యలో కాస్త ముందుకు జరుగుతుంది. అందుకే మన దగ్గర రెండు పోట్ల మధ్య సరిగ్గా 12 గంటలు కాకుండా 12 గంటల 25 నిమిషాలు పడుతుంది.

మా లోకానికి చందమామే లేదు. సముద్రం కదలకుండా ఉంటుందా?

కదులుతుంది. సూర్యుడు కూడా పోటు లేపుతాడు. మన భూమి మీద సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో దాదాపు 46 శాతం. చందమామ లేని లోకంలో పోట్లు చిన్నవిగా ఉంటాయి, పైగా గడియారం కట్టినట్టు ఏడాది పొడవునా దాదాపు అవే వేళలకు వస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవిలో చంద్రుడి పోటు బాగా బలహీనం. అక్కడ సూర్యుడి పోటుదే పైచేయి కాబట్టి మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లోనే నీరు పెరుగుతుంది. కథకు ఇది మంచి ముడిసరుకు. అలాంటి లోకంలో జాలరి నీటిని చూసి వేళ చెప్పగలడు. పక్షాన్ని బట్టి పెద్ద పోటు, చిన్న పోటు అన్న మాటలే అతని భాషలో ఉండవు.

ఈ లెక్కలన్నీ పాఠకులు చూస్తారా? ఇంత శ్రమ అవసరమా?

పాఠకులు లెక్క వేయరు. కానీ తీరంలో పుట్టిన పాత్రకు ఆ నీటి వరస పుట్టుకతోనే తెలిసి ఉండాలి, రచయితకు తెలియకపోతే ఆ పాత్ర నోట మాట సరిగా రాదు. క్రీ.పూ. 55లో జూలియస్ సీజర్ బ్రిటన్ తీరాన దిగిన నాలుగో రోజు రాత్రి పౌర్ణమి. పోటు అంతగా ఉండని మధ్యధరా నుంచి వచ్చిన ఆ సైన్యానికి మహాసముద్రపు పౌర్ణమి పోటు సంగతి తెలియదు. ఒడ్డుకు లాగిపెట్టిన ఓడల్లోకి నీరు నిండింది, లంగరు వేసినవి తుపానుకు దెబ్బతిన్నాయి. మావాళ్లకు ఆ విషయం తెలియదని సీజరే రాసుకున్నాడు. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న ఈ తేడాలోనే మీకు ఒక అధ్యాయం దొరుకుతుంది. నా మట్టుకు ఆ శ్రమ వృథా కాదు.

## చందమామను చెక్కేటప్పుడు

పోటు ఎంత బలంగా ఉంటుందో చెప్పే సులువైన సూత్రం ఏదైనా ఉందా?

ఉంది, అది నాకు ఎంతో ఇష్టమైన సూత్రం కూడా. పోటు బలం చందమామ బరువును బట్టి పెరుగుతుంది, దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం రెట్టింపైతే పోటు ఎనిమిదో వంతు, మూడింతలైతే ఇరవైఏడో వంతు. దీన్ని కాస్త తిప్పి రాస్తే ఇంకా అందమైన సంగతి బయటపడుతుంది. ఆకాశంలో చందమామ ఎంత వెడల్పుగా కనిపిస్తుందో దాని ఘనాన్ని చందమామ సాంద్రతతో గుణిస్తే పోటు బలం వచ్చేస్తుంది. బరువూ దూరమూ విడివిడిగా తెలియనక్కర్లేదు.

మన సూర్యచంద్రులతోనే సరిచూసుకోవచ్చు. ఇద్దరూ ఆకాశంలో ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తారు. చంద్రుడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.34 గ్రాములు, సూర్యుడిది 1.41. భాగిస్తే 0.42. సూర్యబింబం సగటున రవ్వంత పెద్దది కాబట్టి ఆ కొంచెం కలిపితే 0.46. నిజంగా సూర్యుడి వాటా అంతే.

అంటే మీరు ఆకాశాన్ని వర్ణించిన క్షణంలోనే సముద్రాన్ని కూడా నిర్ణయించేస్తున్నారు. "తాటికాయంత చందమామ" అని రాసేముందు ఒక్కసారి కింద తీరాన్ని తలుచుకోండి.

మా చందమామ మన చంద్రుడికి రెట్టింపు వెడల్పుగా కనిపించాలి. పోటు కూడా రెట్టింపేనా?

ఎనిమిదింతలు, సాంద్రత మన చంద్రుడిదే అయితే. అయితే ఆ రెట్టింపు వెడల్పును రెండు దారుల్లో తేవచ్చు, ఏ దారి పట్టారన్న దాన్ని బట్టి మీ క్యాలెండర్ మారిపోతుంది.

ఒక దారి మన చంద్రుడినే సగం దూరానికి, అంటే 3,84,400 కిలోమీటర్ల నుంచి 1,92,200 కిలోమీటర్లకు తేవడం. అప్పుడు అది సుమారు 9.7 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. పౌర్ణమి నుంచి పౌర్ణమికి పది రోజులకు కాస్త తక్కువ. చందమామ ఆకాశంలో అంత వేగంగా జరుగుతుంది కాబట్టి పోటుకూ పోటుకూ మధ్య 13 గంటల 20 నిమిషాలు పడుతుంది, ఇవాళ్టి పోటు రేపు రెండు గంటల నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రెండో దారి దూరం అలాగే ఉంచి చందమామ వ్యాసాన్ని రెట్టింపు చేయడం. అప్పుడు అది అంగారకుడికంటే కొంచెం పెద్దది. నెల మాత్రం పెద్దగా మారదు, ఒక చుట్టుకు 26 రోజులకు పైచిలుకు. ఇరుగుపొరుగు లోకాలు రెండు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టుండే కథకు ఈ దారి బాగా నప్పుతుంది.

రెండు దారుల్లోనూ సూర్యుడి మాట చెల్లకుండా పోతుంది. ఇది చాలామంది గమనించని విషయం. మన చంద్రుడి వాటా 1 అనుకుంటే, మన దగ్గర పౌర్ణమికి రెండు పోట్లూ కలిసి 1.46, అష్టమికి ఒకదాన్నొకటి తగ్గించుకుని 0.54, అంటే దాదాపు మూడింతల తేడా. చంద్రుడి వాటా ఎనిమిదైతే పౌర్ణమికి 8.46, అష్టమికి 7.54. అక్కడి జనం పెద్ద పోటు, చిన్న పోటు అంటూ లెక్క పెట్టరు. ప్రతి రోజూ పెద్ద పోటే.

చందమామ మంచుతో చేసినదైతే?

అదే సైజులో కనిపించినా పోటు తగ్గుతుంది. గురుగ్రహ ఉపగ్రహం గానిమీడ్ రాయీ మంచూ కలిసిన గోళం, సాంద్రత 1.94. అలాంటి చందమామ మన చంద్రుడంతే కనిపిస్తే పోటు మన చంద్రుడి పోటులో 0.58 వంతు మాత్రమే.

ఎంత దగ్గరికి తేవచ్చు? ఆకాశం సగం నిండేలా కావాలి.

ఒక హద్దు ఉంది. దాన్ని దాటి దగ్గరికొస్తే గ్రహం లాగుడులోని తేడాకే చందమామ ముక్కలైపోతుంది, ఆ ముక్కలు పరుచుకుని వలయం అవుతాయి. దీన్ని రోష్ హద్దు అంటారు. భూమికీ మన చంద్రుడిలాంటి గోళానికీ అది సుమారు 18,400 కిలోమీటర్లు, భూకేంద్రం నుంచి. కానీ ఆ హద్దుకు చాలా ముందే మీ సముద్రం చేయి దాటిపోతుంది. పదో వంతు దూరంలో, అంటే 38,440 కిలోమీటర్ల దగ్గర, పోటు బలం వెయ్యింతలు. అక్కడ తీరప్రాంతం అన్న మాటకే అర్థం ఉండదు. నా సలహా ఏమిటంటే, మనుషులు తీరాన కాపురం ఉండే కథ అయితే చందమామ వెడల్పును మన చంద్రుడికి రెట్టింపు దాటనివ్వకండి.

దూరంగా పెడితే?

గ్రహం పట్టు సూర్యుడి పట్టుకంటే బలంగా ఉన్నంత మేరే చందమామ నిలుస్తుంది. భూమి విషయంలో ఆ హద్దు సుమారు 15 లక్షల కిలోమీటర్లు, అందులో సగం దాకానే నమ్మకంగా ఉంచవచ్చు. ఇప్పటి దూరానికి రెట్టింపులో పెడితే నెల 77 రోజులు దాటుతుంది, పోటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అప్పుడు సముద్రానికి సూర్యుడే యజమాని.

కక్ష్య కోడిగుడ్డులా ఉంటే పోటు మారుతుందా?

మారుతుంది. మన చంద్రుడు దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 3,63,300 కిలోమీటర్లు, దూరం పోయినప్పుడు 4,05,500. తేడా పన్నెండు శాతం లోపే, కానీ ఘనం చేస్తే పోటు బలంలో దాదాపు 40 శాతం తేడా. దగ్గరికి వచ్చిన రోజూ పౌర్ణమీ కలిస్తే ఆ పోటు గుర్తుండిపోతుంది. మీ చందమామ కక్ష్యను ఇంకా సాగదీస్తే నెలలో ఒక వారం తీరం ప్రమాదకరం, మిగతా రోజులు ప్రశాంతం అన్న లయ వస్తుంది. పండగలకూ నిషేధాలకూ ఆ లయ చక్కగా అతుకుతుంది.

మా చందమామ పడమట ఉదయిస్తుంది. వెనక్కి తిరిగే కక్ష్య పెడితే సరిపోతుందా?

సరిపోదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. గ్రహం రోజుకోసారి తిరుగుతూ, చందమామ నెలకోసారి తిరుగుతుంటే, ఎటు తిరిగినా అది తూర్పునే ఉదయిస్తుంది. మన చంద్రుడి వేగంతోనే వెనక్కి తిరిగే చందమామ రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా కాకుండా దాదాపు 54 నిమిషాలు ముందుగా వస్తుంది, పోటు కూడా అంతే. పడమట ఉదయించాలంటే చందమామ గ్రహం తిరిగేదానికంటే వేగంగా చుట్టు తిరగాలి. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ అలాగే చేస్తుంది. 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తిచేసి, దాదాపు 11 గంటలకోసారి పడమట లేచి తూర్పున అస్తమిస్తుంది. అలాంటి చందమామ మెల్లగా గ్రహం వైపు జారుతుంటుంది. వెనక్కి తిరిగే చందమామకూ అదే గతి, నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్ అందుకు సాక్షి.

## ఒకటికి మించి చందమామలు

రెండు చందమామలుంటే పోటు రెట్టింపవుతుందా?

కొన్ని రోజులు అవుతుంది, కొన్ని రోజులు ఒకదాని పోటును మరొకటి మింగేస్తుంది. రెండూ ఒకే వైపున్నా, సరిగ్గా ఎదురెదురుగా ఉన్నా పోట్లు కలుస్తాయి. ఒకటి నడినెత్తిన ఉన్నప్పుడు రెండోది దిగంతాన ఉంటే తగ్గుతాయి. రోజుకు నాలుగు పోట్లు వస్తాయని చాలామంది రాస్తారు. మామూలుగా అలా జరగదు, రెండు ఉబ్బులు కలిసిపోయి పెద్దదో చిన్నదో అయిన ఒకే జత ఉబ్బు అవుతాయి. నీటికి చందమామల పేర్లు తెలియవు, మొత్తమే తెలుసు.

రెండు చందమామల పోటు క్యాలెండర్ ఎలా వేయాలి? ఒక ఉదాహరణ చేసి చూపించండి.

పెద్ద చందమామకు పౌర్ణమి నుంచి పౌర్ణమికి 30 రోజులు, పోటు బలం 1 అనుకుందాం. చిన్న చందమామకు 12 రోజులు, బలం 0.4. సూర్యుడిది మన లెక్కే, 0.46. రెండూ ఒకే పదార్థంతో చేసినవైతే చిన్నది ఆకాశంలో పెద్దదాని వెడల్పులో మూడొంతులుంటుంది.

సున్నా రోజున రెండింటికీ అమావాస్య. మూడూ ఒకే గీతలో ఉన్నాయి, పోటు 1.86. మూడో రోజుకే అది 1.02కు దిగుతుంది. ఆరో రోజున చిన్న చందమామ నిండు పౌర్ణమిలో ఉన్నా పోటు 0.59, నెల మొత్తంలో అడుగంటేది ఆ దరిదాపుల్లోనే, ఎందుకంటే సూర్యుడూ చిన్న చందమామా ఒక జట్టుగా పెద్దదానికి అడ్డం తిరిగాయి. తొమ్మిదో రోజుకు 0.95, పన్నెండో రోజుకు 1.51. ఇక పదిహేనో రోజు చూడండి. పెద్ద చందమామకు పౌర్ణమి, ఆకాశం వెలిగిపోతుంటుంది, పోటు మాత్రం 1.06. చిన్నది అడ్డంగా నిలబడి తన వంతు తీసేసింది. పద్దెనిమిదో రోజున మళ్లీ 1.51, ఇరవైనాలుగున 0.59, ముప్పయ్యో రోజుకు 1.86.

ఈ అంకెలు వేసి చూసిన రోజు నేను చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ తీరంలో జనం పౌర్ణమికి భయపడరు. పౌర్ణమికి మూడు రోజుల ముందూ, మూడు రోజుల తర్వాతా భయపడతారు. నడుమ వచ్చే ఆ నిండు పున్నమి వాళ్లకు ఊపిరి తీసుకునే వేళ. ఇలాంటి ఆచారం ఊహలోంచి నేరుగా రాదు, లెక్కే దాన్ని మన చేతికిస్తుంది.

మూడు చందమామలూ ఒకే వరుసలోకి వచ్చినప్పుడు ప్రళయం రావాలి. వస్తుందా?

మామూలు చందమామలైతే రాదు. బలాలు 1, 0.4, 0.1, సూర్యుడిది 0.46 అనుకుంటే అన్నీ కలిసినా 1.96. మన పౌర్ణమి పోటు 1.46 కంటే మూడో వంతు ఎక్కువ, అంతే. ఊరు మునిగేది ఆ పోటు మీద తుపాను కూడా వచ్చిపడితేనే. జోస్యం నిజం కావాలంటే ఆ వరుసనూ తుపాను రుతువునూ కలపండి.

ఇంకో జాగ్రత్త. చందమామల కాలాలు 1:2:4 నిష్పత్తిలో బిగుసుకుని ఉంటే, గురుగ్రహం చుట్టూ అయో, యూరోపా, గానిమీడ్ ఉన్నట్టు, అవి మూడూ ఒకేసారి ఒకే వైపున వరుసకు రావు. ఆ మూడూ ఎన్నడూ అలా కలవలేదు. మీ జోస్యం కలవని కలయిక గురించైతే కథ ఇంకో దారి పడుతుంది.

రెండు చందమామలు ఒకదాన్నొకటి గుద్దుకోవా?

కక్ష్యలు మరీ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి చెదరగొట్టుకుంటాయి. ఒకటి 27 రోజులకు, ఇంకొకటి 29 రోజులకు తిరగడం లాంటివి వద్దు. చుట్టు కాలాల్లో రెట్టింపు తేడా అయినా ఉంచండి.

## పటం గీసేటప్పుడు

లెక్కలో అర మీటరే వస్తోంది. నిజం తీరాల్లో పది, పదిహేను మీటర్లు ఎలా వస్తుంది?

తీరాలే లేని, గ్రహమంతా నీరే ఉన్న లోకంలో మన చంద్రుడు లేపే పోటుకూ ఆటుకూ తేడా అర మీటరు పైచిలుకు మాత్రమే. మిగతాదంతా నేల ఆకారం చేసే పని. నాలుగు కిలోమీటర్ల లోతు సముద్రంలో పోటు అల గంటకు సుమారు 700 కిలోమీటర్లు పోగలదు, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. నీరు చంద్రుడి వెంట పరుగెత్తి అందుకోలేదు. అందుకే అది ఖండాల మధ్య తొట్టెలో నీరులా ఊగుతూ, గిరగిరా తిరుగుతూ ఉంటుంది.

ఊయలను దాని లయకు సరిగ్గా తోస్తే ఎంత ఎత్తుకు పోతుందో తెలుసు కదా. అఖాతాలూ అంతే. కెనడాలోని ఫండీ అఖాతం సొంత ఊగిసలాట కాలం చంద్రుడి తోపుడుకు దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ నీరు 16 మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. మీ పటంలోని అఖాతానికి ఈ కాలాన్ని స్థూలంగా లెక్కకట్టవచ్చు. లోతును 9.8తో గుణించి వర్గమూలం తీస్తే అల వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. అఖాతం పొడవును నాలుగుతో గుణించి ఆ వేగంతో భాగించండి. 300 కిలోమీటర్ల పొడవు, 75 మీటర్ల లోతు ఉంటే సుమారు 12.3 గంటలు. మన చంద్రుడి కింద అది భయంకరమైన అఖాతం. మీ చందమామ 10 గంటలకోసారి తోస్తే అదే అఖాతం అంతగా రెచ్చిపోదు, వేరే ఏదో పొట్టి అఖాతం రెచ్చిపోతుంది. ఖండాలు గీసినవాళ్లకు ఇది పెద్ద స్వేచ్ఛ. ఏ రేవులో పోటు ఎంత అన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంది.

చుట్టూ నేల ఉన్న లోపలి సముద్రంలో, సరస్సుల్లో పోటు ఉంటుందా?

చాలా తక్కువ. మధ్యధరాలో ఎక్కువ చోట్ల అది కంటికి ఆనదు. ఉత్తర అమెరికాలోని మహాసరస్సుల్లో 5 సెంటీమీటర్ల లోపే, గాలి లేపే అలల్లో కలిసిపోతుంది. పెద్ద చందమామ ఉన్న లోకంలో భద్రమైన నాగరికత కావాలంటే దాన్ని ఇలాంటి మూసుకున్న సముద్రం ఒడ్డున పెట్టండి.

నదిలోకి గోడలా ఎగబాకే పోటు రాయాలనుంది. ఎక్కడ పెట్టాలి?

గరాటులా సన్నబడుతూ వెళ్లే నదీముఖం, తక్కువ లోతు, సముద్రం వైపు పెద్ద పోటు, ఈ మూడూ కలిసిన చోట. చైనాలో హాంగ్‌జౌ దగ్గర చియాన్‌తాంగ్ నది ఇందుకు పేరు పడింది. అక్కడి చాంద్రమానం ఎనిమిదో నెల 18వ రోజున దాన్ని చూడటానికి జనం గట్ల మీద గుమిగూడతారు. వర్ణించేటప్పుడు శబ్దంతో మొదలుపెట్టండి, అల కనబడకముందే దూరం నుంచి హోరు వినిపిస్తుంది. అల దాటిపోయాక నది కాసేపు వెనక్కి పారుతుంది.

ఆటు సమయంలో ఎంత దూరం నేల బయటపడుతుంది?

వాలును బట్టి. పోటుకూ ఆటుకూ 10 మీటర్ల తేడా, నేల 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంటే 5 కిలోమీటర్లు. అదే కొండచరియ తీరమైతే బండ మీద తడి గీత తప్ప ఇంకేమీ కనబడదు. ఫ్రాన్స్‌లోని మోఁ సాఁ మిషెల్ చుట్టూ పోటు 14 మీటర్ల దాకా ఉంటుంది, ఇసుక మీద నడుస్తూ నీటికి చిక్కిన యాత్రికుల కథలు అక్కడ శతాబ్దాలుగా ఉన్నాయి.

రోజుకు ఒకే పోటు వచ్చే ఊరు ఉండొచ్చా?

ఉండొచ్చు. చందమామ భూమధ్యరేఖకు పైకో కిందికో ఉంటే రెండు ఉబ్బులు ఏటవాలుగా పడి, రోజులో ఒక పోటు పెద్దది, ఇంకోటి చిన్నది అవుతుంది. నేల ఆకారం కూడా తోడైతే చిన్నది మాయమవుతుంది. వియత్నాం పక్కన టోంకిన్ సింధుశాఖలో, మెక్సికో సింధుశాఖలో చాలాచోట్ల రోజుకు ఒకటే పోటు.

## కథ రాసేటప్పుడు

పౌర్ణమి రోజు మా రేవులో పోటు ఎన్ని గంటలకు రావాలి?

మీకు నచ్చిన గంట పెట్టుకోండి, కానీ ఒకసారి పెట్టాక మార్చకండి. ఏ రేవులోనైనా పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటు దాదాపు ఒకే వేళకు వస్తుంది, పక్క రేవులో వేరే వేళకు. పాత నావికులు ప్రతి రేవుకూ ఈ ఒక్క గంటను గుర్తుపెట్టుకుని, మిగతా రోజులకు చంద్రుడి వయసును బట్టి కలుపుకునేవారు. మీ నావికుడు కూడా తన రేవుల గంటల్ని పాటగా కట్టుకుని ఉండొచ్చు.

అన్నింటికంటే పెద్ద పోటు సరిగ్గా పౌర్ణమి నాడే వస్తుందా?

చాలా తీరాల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. సముద్రం బరువైనది, ఊగడానికి సమయం తీసుకుంటుంది. పుస్తకం చదివి వచ్చినవాడు పౌర్ణమి అంటాడు, ఊరి ముసలమ్మ విదియ అంటుంది. ముసలమ్మ మాటే నిజం.

యుద్ధం సన్నివేశంలో పోటును ఎలా వాడాలి?

దిగే వేళను నిర్ణయించేది అదే. రెండో ప్రపంచయుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో మిత్రరాజ్యాల సైన్యం దిగడానికి వెన్నెల రాత్రీ, తెల్లవారుజామున ఆటూ రెండూ కలిసిన రోజులు కావాల్సి వచ్చాయి. నీరు తగ్గి ఉంటే ఒడ్డున పాతిన అడ్డంకులు కనబడతాయి, ఆ తర్వాత పెరిగే నీరు పడవల్ని మళ్లీ తేలుస్తుంది. ఆ రెండూ కలిసే రోజులు నెలలో కొన్నే. దానికి ముందు ఏడాది, 1943 నవంబరు 20న పసిఫిక్‌లోని తరావాలో లెక్క తప్పింది. అష్టమి పోటు, పైగా చంద్రుడు దూరంగా ఉన్న రోజు. పగడపు దిబ్బ మీద పడవలకు చాలినంత నీరు ఎక్కలేదు. అమెరికా సైనికులు దిగి కాల్పుల మధ్య వందల మీటర్లు నీళ్లలో నడవాల్సి వచ్చింది, ఎందరో చనిపోయారు.

మీ యుద్ధంలో కూడా ఇరుపక్షాల్లో ఒకరికే ఆ నీరు తెలిసి ఉండనివ్వండి. కత్తుల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

జీవులు, చెట్లు ఎలా మారతాయి?

పోటు పెద్దదైన కొద్దీ సగం రోజు నీటిలో, సగం రోజు ఎండలో బతికే ప్రాణుల పట్టీ వెడల్పవుతుంది. వేళ్లు బయటికి పెట్టి ఊపిరి పీల్చే మడ చెట్లు, మూత బిగించుకునే గవ్వలు, బురదలో దూరే పీతలు అన్నీ అక్కడివే. కాలిఫోర్నియా తీరంలో గ్రునియన్ అనే చిన్న చేప పౌర్ణమి, అమావాస్యల తర్వాతి రాత్రుల్లో అలతో ఇసుక మీదికి వచ్చి గుడ్లు పెడుతుంది. రెండు వారాలకు మళ్లీ పెద్ద పోటు వచ్చి తడిపినప్పుడు అవి పొదుగుతాయి. మీ లోకంలో పెద్ద పోటు 30 రోజులకోసారి వస్తే అక్కడి చేప గుడ్డు 30 రోజులు ఆగగలగాలి. జీవుల్ని నెల పొడవుకు తగ్గట్టు మలచండి.

చందమామ లాగుడు మనిషి ఒంట్లోని నీటిని కూడా లాగుతుందా?

లెక్కలోకి రానంత తక్కువ. పోటుకు వేల కిలోమీటర్ల నీటి పరుపు కావాలి. పున్నమి రాత్రి మీ పాత్రకు మనసు చెదిరితే దానికి వెన్నెలే చాలు.

## విపరీత లోకాలు

గ్రహం, చందమామ ఒకదానికొకటి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతూ ఉంటే?

ప్లూటో, షారన్ అలాగే ఉన్నాయి, 6.4 రోజులకోసారి కలిసి తిరుగుతూ. అలాంటి లోకంలో చందమామ ఆకాశంలో ఒకచోట మేకు కొట్టినట్టు నిలిచిపోతుంది. దాని కింద సముద్రం శాశ్వతంగా ఉబ్బి ఉంటుంది కానీ ఎక్కదు, దిగదు. కదిలే పోటు సూర్యుడిది ఒక్కటే. సగం లోకం ఆ చందమామను జీవితంలో చూడదు. అటువైపు పుట్టి మొదటిసారి ఇటు ప్రయాణించే మనిషి కథ ఎవరైనా రాస్తే చదవాలని నా కోరిక.

మా మనుషులు ఉండేదే ఒక పెద్ద గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహం మీద. అక్కడ పోట్లు పర్వతాలంత ఉండవా?

ఉబ్బు పెద్దదే, కానీ ఉపగ్రహం దాదాపు తప్పకుండా గ్రహానికి ఒకే ముఖం చూపుతుంది కాబట్టి ఆ ఉబ్బు కదలదు. తీరాలు దాని చుట్టూ స్థిరపడిపోతాయి. కక్ష్య కాస్త కోలగా ఉంటే మాత్రం దూరం మారినప్పుడల్లా ఉబ్బు పెరిగి తరుగుతుంది, పక్కలకు ఊగుతుంది. అప్పుడు నీరే కాదు, నేల కూడా పిసికినట్టవుతుంది. గురుడి ఉపగ్రహం అయో అలా 1.77 రోజులకోసారి నలిగి లోపల వేడెక్కుతుంది. 1979 మార్చిలో వాయేజర్ 1 వెళ్లి చూస్తే అక్కడ అగ్నిపర్వతాలు చిమ్ముతూ కనిపించాయి. కోలతనాన్ని చిటికెడు పెడితే మీకు వేడినీటి ఊటలు, గుప్పెడు పెడితే లావా.

కథ మధ్యలో చందమామను పేల్చేయాలి. సముద్రానికి ఏమవుతుంది?

ముక్కలు ఒకచోటే కలిసికట్టుగా ఉన్నంతకాలం పోటు మారదు, బరువు పోలేదు కదా. అవి కక్ష్య పొడవునా పరుచుకుని వలయంగా మారితే అన్ని వైపులా లాగుడు సమానమై చందమామ పోటు చచ్చిపోతుంది, సూర్యుడిదే మిగులుతుంది. పేలిన మర్నాడు సముద్రం పిచ్చెత్తినట్టు కాకుండా, ఏళ్ల తరబడి ఒక్కో పౌర్ణమికీ పోటు కొంచెం కొంచెం తగ్గుతూ పోయినట్టు రాయండి. పౌర్ణమి అనే మాట మిగిలి, దాని అర్థం పోయిన తరం ఒకటి పుడుతుంది. అయితే నేల మీద రాలే ముక్కల సంగతి వేరే, దానికి మీరు సిద్ధంగా ఉండాలి.

మా లోకం చరిత్ర చాలా పాతది. చందమామ దూరం మారుతుందని లెక్క వేయాలా?

కోట్ల ఏళ్లు అయితే వేయాలి. పోటు రాపిడికి భూమి తిరగడం నెమ్మదిస్తోంది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. అపోలో యాత్రికులు అక్కడ ఉంచి వచ్చిన అద్దాలకు లేజర్ కొట్టి కొలిచిన అంకె ఇది. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి పగడాల్లో రోజువారీ పెరుగుదల గీతలు లెక్కపెడితే ఏడాదికి 400 రోజుల లెక్క తేలింది. అప్పటి రోజు 22 గంటలే. మీ కథలో మరిచిపోయిన ఆదిమజాతి అంత పాతదైతే వాళ్ల క్యాలెండర్, పోటు వేళలు వేరుగా ఉండాలి. పదివేల ఏళ్ల రాజ్యాలూ వంశాలూ అయితే ఈ బెంగ వద్దు. ఆ పదివేల ఏళ్లలో చందమామ జరిగింది 380 మీటర్లు.